ఉల్లిగడ్డ జామ్ పల్చగ అయితే

అక్కా, జామ్ నీళ్లు నీళ్లుగ ఉంది, కొంచెం చేదొచ్చింది, వారానికే బూజు పట్టిందన్నరు కదా. మొదటి రెండూ మంటతోనే వచ్చిన తిప్పలు. ఉల్లిగడ్డల పదింట తొమ్మిది పాళ్లు నీళ్లే. పెద్ద మంట పెడితే అంచులు మాడుతయి, లోపలి నీళ్లు అట్లనే ఉంటయి.

దేవరకద్ర మార్కెట్ నుంచి వచ్చే ఎర్ర ఉల్లిగడ్డ ఒక కిలో సన్నగ కోయండి. అడుగు మందం గిన్నెల మూడు చెంచాల నూనె, చెంచా ఉప్పు వేసి, సన్న మంట మీద 45 నిమిషాలు మగ్గనియ్యండి. నీళ్లూరినంక మూత తీసెయ్యాలె. మంచిగ గోధుమరంగుకు తిరిగినంకనే 100 గ్రాముల బెల్లం, 100 మిల్లీలీటర్ల వెనిగర్, ఎండుమిర్చి తునకలు వేయండి. బెల్లం ముందే వేస్తే అడుగంటుతది, ఆ చేదు ఇంక పోదు. గరిటెతో అడుగున గీసిన గీత వెంటనే పూడకపోతే అయినట్టే.

వెనిగర్ మాత్రం తగ్గించకండి. పులుపు సరిపోని ఉల్లిగడ్డ జామ్‌ను మూత బిగించి బయట పెడితే, బూజు సంగతి పక్కన పెట్టండి, కంటికి కనపడని విషం పుట్టే ప్రమాదముంది. ఫ్రిజ్‌లనే పెట్టి రెండు వారాల్లో తినేయండి. బూజు పట్టిన సీసాను పైపైన తీసి వాడకండి, మొత్తం పారేయండి.

వేడి జొన్నరొట్టెకు ఇది ఎంత బాగుంటదో!