ముళ్ల కణమా, గోళీ కణమా: దేనికి భయపడాలి?

ప్రశ్న: మా ల్యాబ్రడార్‌కు అయిదేళ్లు, బరువు 28 కిలోలు. వారం నుంచి నీరసంగా ఉంది, చిగుళ్లు పాలిపోయాయి. పొద్దున ఎనిమిదింటికి ఇంట్లో రక్తం తీసుకెళ్లి సాయంత్రం పరీక్ష చేశారట. పీసీవీ 19 వచ్చింది. ‘ఎకైనోసైట్స్ 3+, స్ఫీరోసైట్స్ 2+’ అని రాశారు. తెలిసినవాళ్లు ఐరన్ టానిక్ పట్టమంటున్నారు. పట్టొచ్చా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: టానిక్ పక్కన పెట్టి, ఈరోజే రక్తం మళ్లీ తీయించండమ్మా. కుక్కకు పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 37 నుంచి 55 దాకా ఉండాలి. కాబట్టి రక్తహీనత ఉన్నమాట నిజం. అనుమానమల్లా ఆకారాల మీదే.

ఎకైనోసైట్ అంటే చుట్టూ పొట్టి ముళ్లు లేచిన కణం. పాముకాటులోనూ కనిపిస్తుంది గానీ, ట్యూబులో గంటల తరబడి నిలవున్న రక్తంలో దానంతటదే వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా మందు ఉండే ఈడీటీఏ ట్యూబును గీత దాకా నింపకపోయినా, చెన్నై ఉక్కకు స్లయిడ్ మెల్లగా ఆరినా అంతే. ఆ 3+ చూసి బెంగపడకండి.

చూడాల్సింది 2+ వైపు. కుక్క ఎర్రకణం మధ్యలో వేలితో నొక్కినట్టు పలచగా ఉంటుంది. స్ఫీరోసైట్‌కు ఆ పలచన ఉండదు; చిన్నగా, ముదురుగా, గోళీలా ఉంటుంది. శరీరం తన కణాలను తానే కొరుక్కుతింటోందనడానికి అది గుర్తు. చిక్కేమిటంటే, నిలవ రక్తంలో ముళ్ల కణం ముదిరితే అదీ గుండ్రబడి గోళీలాగే కనిపిస్తుంది. అందుకే రక్తం తీసినచోటే, అరగంటలోపు, రెండు స్లయిడ్లు చేయమనండి. రెండో గాజుపలకను 30–45 డిగ్రీల వాలులో పట్టి ఒక్క ఊపులో లాగాలి, వెంటనే చల్లగాలికి ఆరబెట్టాలి. కణాలు ఒకే వరుసగా పరుచుకున్న చోట, ఆయిల్ లెన్సు కింద ఒక్కో ఫీల్డుకు అయిదు, అంతకుమించి గోళీలు కనబడితే అనుమానం బలపడినట్టే. స్లయిడ్ చివరి పలచని అంచున మాత్రం అన్ని కణాలూ గోళీల్లాగే ఉంటాయి, అక్కడ లెక్కపెట్టకూడదు. ఒక చుక్క రక్తానికి నాలుగు చుక్కల సెలైన్ కలిపినా, అతుక్కున్న కణాల గుత్తులు విడిపోకపోతే అది ఇంకో రుజువు.

శరీరం చేసే ఈ దాడిని అణిచే స్టెరాయిడ్ మొదలెట్టేముందు పిడుదుల జ్వరాలు వెతకాలి. ఎర్రకణాల్లో చేరే బబేసియా గిబ్సోనై అనే పరాన్నజీవి ఇదే తంతు చేస్తుంది, పైగా చాలా చిన్నది. స్లయిడులో దొరక్కపోతే లేదని కాదు, దాని జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష చేయించండి. పిడుదుల వల్లే వచ్చే మరో జ్వరం ఎర్లీకియాకు పరీక్ష కూడా.

ఇక ఐరన్. కణాలు లోపలే పగిలితే ఇనుము ఒంట్లోనే ఉంటుంది, బయటికి పోదు. పిడుదులు, కొంకి పురుగులు, పేగుపుండ్ల వల్ల నెలల తరబడి రక్తం బయటికి పోయినప్పుడే టానిక్‌తో పని. అప్పుడు కణాలు చిన్నవై వెలవెలబోతాయి, ఎంసీవీ, అంటే కణం సగటు పరిమాణం, తగ్గుతుంది.

పడుకున్నా రొప్పుతున్నా, మూత్రం డికాక్షన్ రంగులో వస్తున్నా రేపటిదాకా ఆగొద్దు, వేపేరి పశువైద్య కళాశాల ఆస్పత్రి లాంటి పెద్ద చోటికి తీసుకెళ్లండి. కిలోకు 2 మి.లీ. రక్తం ఎక్కిస్తే పీసీవీ సుమారు ఒకటి పెరుగుతుంది. మీ కుక్కకు పది పెరగాలంటే 560 మి.లీ. కావాలి. పెద్ద దాత కుక్క ఒకసారి ఇచ్చేది 450 దాకానే.

ప్రశ్న: మా పిల్లి రిపోర్టులో ‘హీంజ్ బాడీస్’ అన్నారు. రోజూ సాంబారన్నం తింటుంది, ఉల్లిపాయ తీసేసే పెడతాం.
— ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: హీంజ్ బాడీస్ అంటే ఉల్లి లాంటి విషాలకు ఎర్రకణంలో చెడి ముద్దకట్టిన హీమోగ్లోబిన్. ముక్క తీసేసినా రసం అన్నంలోనే ఉందిగా! ఉడికించినా ఉల్లి విషం పోదు. పిల్లికి కిలోకు 5 గ్రాములు చాలు. నాలుగు కిలోల పిల్లికి రెండు మూడు సాంబారు ఉల్లిపాయలన్నమాట. ఆ అన్నం మానిపించండి. అయితే ఆరోగ్యంగా ఉన్న పిల్లిలోనూ కొద్దిపాటి హీంజ్ బాడీస్ ఉంటాయి, కాబట్టి శాతం ఎంతో, పీసీవీ ఎంతో అడగండి. జ్వరమొచ్చిందని పారాసెటమాల్ మాత్రం ఒక్క ముక్క కూడా వేయకండి.

ప్రశ్న: మేకపిల్లల రక్తంలో కణాలు వంకరటింకరగా ఉన్నాయన్నారు.
— రెడ్‌హిల్స్ నుంచి

జవాబు: మేకపిల్లల్లో అది మామూలే. కణాలను వదిలి కింది కనురెప్ప తిప్పి చూడండి. తెల్లగా ఉంటే, దవడ కింద నీరు దిగితే, పొట్టలో రక్తం తాగే హీమాంకస్ పురుగు పని అయ్యుంటుంది. పేడ పరీక్ష చేయించి, బరువు తూచి మందు పట్టించండి.