చేరిన రోజే డైరెక్టర్ కుర్చీ: ఒప్పుకోవాలా, ఒప్పుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: హైదరాబాదులో జపనీస్‌లో ఎం.ఏ. చేశాను. ఇప్పుడు అమెరికాలో జపనీస్ భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చివర్లో ఉన్నాను. మిడ్‌వెస్ట్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీ నన్ను టెన్యూర్ ట్రాక్ (కొన్నేళ్లకు సమీక్షించి ఉద్యోగం శాశ్వతం చేసే) అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకుంటామంటోంది. అయితే ఆగస్టులో చేరిన రోజు నుంచే జపనీస్ ప్రోగ్రామ్‌కు డైరెక్టర్‌గా కూడా ఉండాలట. అక్కడ నలుగురు లెక్చరర్లున్నారు. అందరూ జపాన్ వాళ్లే, అందరూ నాకంటే పెద్దవాళ్లే. ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే ముందు ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: ఒప్పుకోవచ్చు. కాకపోతే ముందు బేరమాడాలి, బేరంలో తేలినదంతా ఆఫర్ లెటర్‌లోకి ఎక్కించాలి. ‘చూద్దాం, సర్దుదాం’ అన్న డిపార్ట్‌మెంట్ చైర్ రెండేళ్లకు ఆ కుర్చీలో ఉండకపోవచ్చు. తర్వాత వచ్చేవారికి ఆ మాటతో పనిలేదు.

డైరెక్టర్ పదవి వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ టెన్యూర్ లెక్కలో అది ‘సర్వీస్’ (డిపార్ట్‌మెంట్ నిర్వహణ పనులు) కిందికి వస్తుంది. పరిశోధనకు పేరున్న యూనివర్సిటీల్లో ఆరో ఏట మీ ఫైలు తెరిచినప్పుడు ముందు చూసేది ప్రచురణలు, తర్వాత బోధన, ఆఖరున సర్వీస్. రోజులో ఎక్కువ సమయం తినేదీ ఆ సర్వీసే. కొత్తగా చేరినవారికి ఈ బాధ్యత అప్పగిస్తున్నారంటే, సాధారణంగా దాన్ని చేయగల టెన్యూర్డ్ మనిషి అక్కడ లేనట్టే. మీ బేరానికి బలం అదే.

లెటర్‌లో ఏమేం ఉండాలంటే, సెమిస్టర్‌కు రెండు కోర్సుల లోడ్ ఉన్న చోట డైరెక్టర్‌గా ఏడాదికి కనీసం ఒక కోర్సు తగ్గించాలి. రెండు అడిగి ఒకదానికి దిగండి. ప్లేస్‌మెంట్ (ఏ విద్యార్థి ఏ స్థాయి క్లాసులో చేరాలో తేల్చడం), టీఏల (బోధనలో సాయపడే విద్యార్థుల) శిక్షణ పనులు ఆగస్టులో, అంటే జీతం లేని నెలల చివర్లో పడతాయి కాబట్టి వేసవి స్టైపెండ్ అడగండి. పదవీకాలం మూడేళ్లని రాయించండి. మూడో ఏడు మధ్యంతర సమీక్ష అయ్యాక కొనసాగాలా వద్దా అన్నది మీ ఇష్టం కావాలి. లెక్చరర్ల వార్షిక మూల్యాంకనం చైర్ చేతిలోనే ఉండాలి. మీరు క్లాసులు చూసి సలహా ఇవ్వొచ్చు గానీ, కాంట్రాక్ట్ పొడిగింపు కాగితం మీద సంతకం మాత్రం మీది కాకూడదు. పాఠ్యపుస్తకం రాయడం, కరికులం తయారుచేయడం టెన్యూర్‌లో పరిశోధన కింద లెక్కకొస్తాయో లేదో ఆ డిపార్ట్‌మెంట్ టెన్యూర్ నిబంధనల కాగితం తెప్పించుకుని చదవండి. చాలాచోట్ల రావు.

వీసా సంగతి మన పిల్లలు చివరికి వదిలేస్తారు. యూనివర్సిటీ హెచ్-1బీకి లాటరీ ఉండదు, ఆ బెంగ అక్కర్లేదు. బెంగంతా గ్రీన్‌కార్డు గురించే. దానికి ముందు కార్మిక శాఖ నుంచి తెచ్చుకోవాల్సిన లేబర్ సర్టిఫికేషన్‌లో కాలేజీ అధ్యాపకులకు ఒక ప్రత్యేక పద్ధతి ఉంది. అందులో ‘వచ్చినవారిలో ఎక్కువ అర్హతలున్న అభ్యర్థి ఈమే’ అని యూనివర్సిటీ చూపిస్తే చాలు. మామూలు పద్ధతిలోనైతే కనీస అర్హతలున్న అమెరికన్ ఒక్కరు దొరికినా కథ ముగిసినట్టే. ఈ ప్రత్యేక పద్ధతికి దరఖాస్తు మిమ్మల్ని ఎంపిక చేసిన తేదీ నుంచి 18 నెలల్లోపు పడాలి. తేదీ దాటితే మళ్లీ ప్రకటన, మళ్లీ ఎంపిక. భారత్‌లో పుట్టినవాళ్ల క్యూ ఎంత పొడవో మీకు తెలుసు కాబట్టి, ‘మొదటి ఏడాదిలోనే దాఖలు చేస్తాం’ అన్న వాక్యం లెటర్‌లో పెట్టించండి.

ఇక చేరాక. మొదటి ఏడాది పాఠ్యపుస్తకం మార్చకండి. కొత్త డైరెక్టర్లకు మొదట చేతులు దురద పుట్టేది అక్కడే. పుస్తకం మారితే నలుగురు లెక్చరర్ల క్విజ్‌లు, స్లయిడ్లు, ఆడియో అన్నీ ఒక్క దెబ్బకు చెత్తబుట్టలోకి పోతాయి. ఆ పనికి వాళ్లకెవరూ డబ్బివ్వరు. కోపం మాత్రం మీ మీదే.

దానికి బదులు రిజిస్ట్రార్ దగ్గర ఐదేళ్ల నమోదు లెక్కలు తీసుకోండి. ప్రతి సెక్షన్‌కూ మొదటి రోజు ఎంతమంది, యాడ్-డ్రాప్ (కోర్సులు మార్చుకునే గడువు) ముగిశాక ఎంతమంది, చివరికి ఎంతమంది, డి, ఎఫ్ గ్రేడ్లు, విత్‌డ్రాయల్ ఎన్ని. వీటిని పాఠాల పట్టిక పక్కన పెట్టి చూస్తే పిల్లలు ఎక్కడ జారిపోతున్నారో తెలుస్తుంది. అమెరికాలో ఎక్కువ వాడే ‘గెంకి’ పాఠ్యపుస్తకం రెండు భాగాల్లో 23 పాఠాలు, 317 కాంజీలు (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) ఉంటాయి. సెమిస్టర్‌కు ఆరు పాఠాల చొప్పున నడిపితే తే-రూపం (మన ‘తిని, వెళ్లి’ లాంటి క్రియారూపం) ఆరో పాఠంలో, అంటే సరిగ్గా మొదటి సెమిస్టర్ ఫైనల్స్ ముందు పడుతుంది. దాన్ని గబగబా లాగించి పంపిస్తే, రెండో సెమిస్టర్ ఎనిమిదో పాఠంలో క్రియల మామూలు రూపాలు వచ్చేసరికి పిల్లలు మునుగుతారు. పరిష్కారం పుస్తకం మార్చడం కాదు. మొదటి సెమిస్టర్‌ను ఐదు పాఠాలకు ఆపి, తే-రూపాన్ని జనవరిలో తాజా బుర్రలతో మొదలుపెట్టి రెండు వారాలు ఇవ్వడం. మిగిలిన పాఠాల వేగం దానికి తగ్గట్టు నలుగురూ కలిసి సర్దాలి. ఒకరు ఐదో పాఠం దగ్గర ఆపి, మరొకరు ఏడుతో మొదలుపెట్టే ప్రోగ్రాములూ లేకపోలేదు.

ఇక్కడ మీకు ఒక చిక్కుంది. ‘లేచి, తిని, వెళ్లి’ అని క్రియలు గుచ్చుకుంటూ పోయే తెలుగు మనిషికి తే-రూపం పెద్ద కష్టం కాదు. క్రియ చివర రావడమూ, ‘నాకు జపనీస్ వచ్చు’ లాంటి వాక్యమూ మనకు అలవాటే. ఇంగ్లీషు తప్ప మరోటి తెలియని పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇవన్నీ కొత్తవి. మీకు సులభంగా వచ్చినచోటే వాళ్లకు అభ్యాసాలు రెట్టింపు కావాలి.

డీన్‌కు ఏం హామీ ఇస్తున్నారో కూడా లెక్కగా చెప్పండి. అమెరికా విదేశాంగ శాఖ భాషాశిక్షణ సంస్థ జపనీస్‌కు వేసిన అంచనా 2,200 క్లాసు గంటలు. మీ దగ్గర వారానికి 5 గంటలు, 15 వారాలు, నాలుగు సెమిస్టర్లు: మొత్తం 300. రెండేళ్లలో ‘అనర్గళంగా మాట్లాడతారు’ అని వెబ్‌సైట్‌లో ఉంటే ముందు దాన్ని తీసేయండి. యాక్ట్‌ఫుల్ (అమెరికా విదేశీ భాషాధ్యాపకుల సంఘం) స్కేల్ మీద ‘ఇంటర్మీడియట్ లో’ (Low, మధ్యస్థాయిలో కింది మెట్టు), బాగా చదివితే ‘ఇంటర్మీడియట్ మిడ్’ (నడిమి మెట్టు). ఇదీ నిజాయితీగల లక్ష్యం. మన దగ్గర చదువంతా జేఎల్‌పీటీ (జపనీస్ ప్రావీణ్య పరీక్ష) చుట్టూ తిరుగుతుంది, అమెరికాలో యాక్ట్‌ఫుల్ మాటే నడుస్తుంది. చేరేలోపు దాని ఓపీఐ (మాట్లాడే స్థాయిని కొలిచే ముఖాముఖి పరీక్ష) వర్క్‌షాప్ ఒకటి చేయండి.

ప్లేస్‌మెంట్‌కు జేఎల్‌పీటీ సర్టిఫికెట్‌ను నమ్ముకోకండి. అందులో మాట్లాడటం, రాయడం లేవు. యాప్‌లో వందల కాంజీల అర్థాలు నేర్చుకుని ఒక్క క్రియను కూడా సరిగ్గా మార్చలేని కుర్రాళ్లూ, ఇంట్లో అమ్మతో గలగలా మాట్లాడుతూ కతకానా లిపి కూడా చదవలేని పిల్లలూ ఒకే రోజు మీ గది ముందు నిలబడతారు. పది నిమిషాల సంభాషణ, చేత్తో ఒక పేజీ, ఒక చిన్న పఠనం చాలు. నోరు, చేయి ఎక్కడుంటే స్థాయి అక్కడే. ఆగస్టులో ఒకసారి, మొదటి వారంలో మరోసారి పెట్టండి. రెండో వారం దాటాక సెక్షన్ మార్చడం అందరికీ నరకమే.

సెక్షన్ సైజు మీద పోరాడండి. యాక్ట్‌ఫుల్ సిఫారసు 15. మీకు 25 ఇస్తామంటారు, 18 దగ్గర రాజీ పడినా మేలే. ‘భాషలు ఎవరు చదువుతున్నారు’ అని డీన్ అంటే దానికీ జవాబుంది. ఎం.ఎల్.ఏ. (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్) సర్వేలో 2016, 2021 మధ్య ఇంగ్లీషేతర భాషల నమోదు మొత్తంగా 16.6 శాతం పడిపోతే, జపనీస్ తగ్గింది 5 శాతంలోపే.

అసలు గండం మూడో ఏడాది కోర్సు. కింది క్లాసులు కిటకిటలాడుతుంటే పైన ఆరుగురు మిగులుతారు. కనీస సంఖ్య లేదని జూలైలో కోర్సు రద్దవుతుంది, దాంతో జపనీస్ మైనర్ (డిగ్రీలో ఉప విషయం) ఆగిపోతుంది. పిల్లల్లో కంప్యూటర్, ఇంజనీరింగ్ వాళ్లే ఎక్కువైతే చాలాసార్లు కారణం ఆసక్తి కాదు, ల్యాబ్ టైమ్‌టేబుల్. వాళ్ల తప్పనిసరి ల్యాబులు ఏ వేళల్లో ఉన్నాయో తెలుసుకుని ఆ వేళకు అడ్డం రాకుండా పెట్టండి. అప్పటికీ చాలకపోతే మూడు, నాలుగు సంవత్సరాలను ఒకే గదిలో కలిపి, ఒక ఏడు ఒక పాఠ్యక్రమం, మరో ఏడు మరోటి నడపండి.

విద్యార్థులను జపాన్ పంపేటప్పుడు క్యాలెండర్ చూడండి. అక్కడ విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. శరదృతువు సెమిస్టర్ జనవరి చివరి దాకా, కొన్నిచోట్ల ఫిబ్రవరి దాకా సాగుతుంది. నేరుగా జపాన్ యూనివర్సిటీకి శరదృతువులో పంపితే పిల్లలు అమెరికాలో జనవరి సెమిస్టర్ ఆరంభానికి అందుకోలేరు. ఒక్క సెమిస్టరే వెళ్లగలిగిన ఇంజనీరింగ్ పిల్లలకు అమెరికన్ క్యాలెండర్‌తో నడిచే ప్రోగ్రాములే నప్పుతాయి.

లెక్చరర్ల సంగతి. మొదటి నెలలో ఒక్కొక్కరితో విడిగా, జపనీస్‌లోనే, అరగంట కూర్చోండి. పిల్లలు ఏ పాఠంలో చిక్కుకుంటున్నారు, పాత డైరెక్టర్ మార్చకుండా ఉండాల్సింది ఏది, జీతం లేకుండా చేస్తున్న పని ఏది: ఈ మూడూ అడిగి నోట్ చేసుకోండి. ఏ మార్పునైనా మీటింగ్‌లో తొలిసారి బయటపెట్టకండి. ముందే నలుగురి చెవినా వేసి, అభ్యంతరాలు సర్ది, మీటింగ్‌లో ఖరారు మాత్రమే చేయండి. అందరి ముందు ఎవరూ కాదనరు, ఆ మౌనాన్ని అంగీకారం అనుకుంటే క్లాసుల్లో పాత పద్ధతే నడుస్తుంది. ఒక సెక్షన్ తగ్గితే ఒకరి బువ్వకు దెబ్బ. కాబట్టి ఆ లెక్కలు చైర్‌తో తేల్చుకోకుండా మాట జారకండి. మీరు జపాన్ మనిషి కాదన్న సంగతి మొదటి సెమిస్టర్ గుసగుసల్లో ఉంటుంది. ఉమ్మడి క్విజ్‌లు వేళకు అందుతుంటే, ఫొటోకాపీల బడ్జెట్ మీరు తెచ్చిపెడుతుంటే చాలావరకు సద్దుమణుగుతుంది.

సెక్షన్ల మధ్య మార్కుల తేడా మరో తలనొప్పి. సెమిస్టర్‌కు రెండుసార్లు ఒకే ఐదు వ్యాసాలను పేర్లు తీసి అందరితో దిద్దించండి. పది మార్కులకు మూడు తేడా వచ్చిన చోట రూబ్రిక్‌లో (మార్కులు వేసే కొలమానంలో) వాక్యం సరిగా లేదని అర్థం, దాన్ని అక్కడే తిరగరాయండి. అనువాద యంత్రాల బెడద ఉంది కాబట్టి వ్యాసం మొదటి చిత్తు క్లాసులో, చేత్తో.

ఇదంతా చేస్తూ పరిశోధన ఎప్పుడంటారా? ప్లేస్‌మెంట్ రికార్డింగులు, దిద్దిన వ్యాసాలు, ఏ పాఠంలో ఎవరు మానేశారన్న లెక్కలు మీ రంగానికి ముడిసరుకే. అయితే సేకరించేముందే ఐఆర్‌బీ (మనుషులపై పరిశోధనను పరిశీలించే యూనివర్సిటీ నైతిక సమీక్షా మండలి) అనుమతి ఉండాలి. సేకరించేశాక అడిగితే ఆ సమాచారం పరిశోధన వ్యాసానికి పనికిరాకపోవచ్చు. సంతకం పెట్టిన వారంలోనే ఐఆర్‌బీ ఫారం, తప్పనిసరి ఆన్‌లైన్ శిక్షణ వివరాలు అడిగి తెప్పించుకోండి. దరఖాస్తు జూన్‌కల్లా పడితే ఆగస్టు ప్లేస్‌మెంట్ మీ మొదటి డేటా అవుతుంది.