బండి మీద ఆ గంట

ప్రశ్న: నాకు 18 ఏళ్లు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో గార్డ్‌ని, అంటే బంతిని నడిపించేవాడిని. స్కూల్లో నేనే కెప్టెన్. ఇక్కడేమో మ్యాచ్‌కి 4, 5 నిమిషాలకు మించి కోచ్ దింపడం లేదు. మా డాడీ ఒకప్పుడు సూర్యాపేటలో వాలీబాల్ బాగా ఆడేవారట. తాతయ్య పోయాక ఉద్యోగంలో చేరి మానేశారు. నా మ్యాచ్ ఒక్కటీ వదలరు. నేను ఎన్ని నిమిషాలు ఆడానో ఫోన్‌లో రాసుకుంటారు. సికింద్రాబాద్ వైఎంసీఏలో మ్యాచ్ అయితే ఉప్పల్‌లో ఇంటికి చేరేదాకా బండి మీద అదే క్లాసు. ‘పల్లెటూరి నుంచి సత్నాం సింగ్ అమెరికా పోలేదా’ అంటారు. ఇప్పుడు కోచ్‌తోనే తేల్చుకుంటానంటున్నారు. దసరా ముందు నాకు చీలమండ బెణికింది. చెబితే ఆ 5 నిమిషాలూ పోతాయని టేప్ చుట్టుకుని ఆడుతున్నా. ఈమధ్య డాడీకి సెలవు దొరక్కపోతే బాగుండు అనిపిస్తోంది. అలా అనుకున్నందుకు సిగ్గేస్తోంది. ఆట మానేయమంటారా?
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: నువ్వు మా చిన్నబ్బాయి కన్నా చిన్నవాడివి కాబట్టి ‘నువ్వు’ అనే అంటాను.

ముందు కాలు సంగతి. ఉత్తరం చివర్లో అదేదో చిన్న విషయమన్నట్టు రాసేశావు గానీ, నాకు అన్నిటికన్నా భయం వేసింది దానికే. బాస్కెట్‌బాల్‌లో ఎక్కువగా తగిలే దెబ్బే చీలమండ బెణకడం. మొదటిసారి సరిగ్గా మాననివ్వకపోతే అదే చోట మళ్లీ మళ్లీ బెణుకుతుంది. టేప్ చీలమండను పట్టి ఉంచుతుందే తప్ప, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ సాగితే దాన్ని బాగుచేయదు. వాపు తగ్గిందా లేదా అని చూసుకుంటే చాలదు. ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించి, ఫిజియో చెప్పినట్టు ఒంటికాలి మీద నిలబడటం, వేళ్ల మీద లేవడం, నెమ్మదిగా పరుగు, ఆ తర్వాతే గెంతడం, ఇలా మెట్టు మెట్టుగా రావాలి. అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు స్టార్ స్టీఫెన్ కరీ నీలాంటి గార్డే. 2011-12లో వారియర్స్ ఆడిన 66 మ్యాచ్‌ల్లో అతను 26 మాత్రమే ఆడగలిగాడు, కారణం ఈ చీలమండే. ఆపరేషన్ చేయించుకున్నాడు. 2015లో, 2016లో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు అయ్యాడు. మీ నాన్నగారు సత్నాం పేరెత్తితే నువ్వు ఈ పేరు చెప్పు.

అన్నట్టు సత్నాం సంగతి. 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, డల్లాస్ మావెరిక్స్ అతన్ని 52వ ఎంపికగా తీసుకున్న మాట నిజం, అలా ఎంపికైన మొదటి భారతీయుడు అతనే. కానీ ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇప్పుడు అమెరికాలో ప్రొఫెషనల్ రెజ్లర్. పైగా ఎత్తు ఏడడుగుల పైమాట! అతన్ని తక్కువ చేయడం లేదు, ఆ దారి మీ నాన్నగారు అనుకున్నంత తిన్నగా లేదంటున్నానంతే.

ఇక నిమిషాల లెక్క. మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో ఒకేసారి ఐదుగురు. అంటే పంచడానికి కోచ్ చేతిలో ఉన్నవి 200 నిమిషాలు. సీనియర్లు ఐదుగురు తలా 30 ఆడితే 150 అయిపోయాయి. మిగిలిన 50 బెంచీ మీద ఉన్న ఏడుగురికి. ఆ లెక్కన తలా ఏడు. మొదటి ఏడాది కుర్రాడికి 4, 5 వచ్చాయంటే కోచ్ కక్ష కట్టినట్టు కాదు. మీ నాన్నగారు కోచ్ దగ్గరికి వెళ్లకూడదు. నువ్వే వెళ్లు. ‘నన్నెందుకు ఆడించరు’ అనకు. ‘నేను దిగినప్పుడు మీకు దేనికి భయం సార్, బంతి పోగొడతాననా, డిఫెన్స్‌లో మనిషిని వదిలేస్తాననా’ అని అడుగు. కాలి సంగతీ ఆ పూటే చెప్పెయ్.

అసలు కష్టం బండి మీద ఉంది. మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ. ట్రాఫిక్‌లో గంట పట్టే దారి. ముందు కూర్చున్న మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, వెనక కూర్చున్నవాడు దిగి పోలేడు. నేనూ ఆ ముందు సీట్లో కూర్చున్నదాన్నే. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకునే రోజుల్లో ప్రోగ్రాం అయిన ప్రతిసారీ ఇంటికి వచ్చేదాకా తప్పులు చెప్పేదాన్ని, అది ప్రేమే అనుకుంటూ. ఒకరోజు అది గజ్జెలు విప్పకుండానే వాళ్ల పిన్ని కారెక్కి వెళ్లిపోయింది. నాకు అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. నీకు మీ నాన్న రాకూడదని లేదు బాబూ, ఆ క్లాసు రాకూడదని ఉంది. రెండూ ఒకటే అనుకుని సిగ్గుపడుతున్నావు.

ఆయన్ని అడుగు. మ్యాచ్ రోజు వద్దు, ఆదివారం పొద్దున టీ తాగేటప్పుడు. ‘డాడీ, మీరు రావాలి. కానీ ఇంటికెళ్లేదాకా ఆట మాట వద్దు. మర్నాడు నేనే అడుగుతా, అప్పుడు చెప్పండి.’ ఇంతే. గొంతు పెంచకు, పాత మ్యాచ్‌లు తవ్వకు. మొదటి రెండుసార్లు ఆయన మర్చిపోతారు. అప్పుడు తార్నాకలో బండి ఆపించి చాయ్ తాగుదామను. అప్పటికీ ఆగకపోతే, ఆ రోజుకి నువ్వు మెట్రోలో వచ్చెయ్. సికింద్రాబాద్‌లో ఎక్కితే ఉప్పల్‌కి ఒకే రైలు. అలిగి కాదు, ‘ఇవాళ నాకు మాట్లాడే ఓపిక లేదు’ అని చెప్పి మరీ.

ఆయనకు వేరే పని కూడా కావాలి. ఆడాలనుకున్న వయసులో సంసారం మోసిన మనిషి, ఉత్త చేతులతో గ్యాలరీలో కూర్చోలేడు. నీ సర్టిఫికెట్ల ఫైలు ఆయనకు అప్పజెప్పు. కాలేజీ జట్టు నుంచి యూనివర్సిటీ జట్టుకి, అక్కడి నుంచి దక్షిణాది యూనివర్సిటీలు తలపడే సౌత్ జోన్ పోటీలకు, అది దాటితే అఖిల భారత పోటీలకు. రైల్వే లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు అడిగేది ఆ పై పోటీల్లో వచ్చిన స్థానం. దాన్ని రుజువు చేసే ఫారం యూనివర్సిటీ క్రీడా విభాగం సంతకంతో ఉండాలి. ఆ కాగితాలు సమయానికి తెచ్చుకోక చేతికందిన అవకాశం పోగొట్టుకున్న పిల్లలు నా దగ్గరకు వచ్చారు. నిమిషాలు రాసుకునే మనిషికి ఇది చక్కగా సరిపోయే పని.

హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకో. అంతకుమించి చదువు గురించి నాకు బెంగ లేదు, ఉత్తరం ఇంత శుభ్రంగా రాశావు.

మానేయాలా వద్దా అన్నది ఈ కాలితో తేల్చకు. నొప్పి ఉన్నప్పుడు ఏ ఆటైనా మానెయ్యాలనే అనిపిస్తుంది. డాక్టర్ దిగొచ్చన్నాక, నాలుగైదు మ్యాచ్‌లు నొప్పి లేకుండా ఆడాక కూడా ఇదే మాట మనసులో ఉంటే అప్పుడు మళ్లీ రాయి. ఈలోగా రేపు ప్రాక్టీస్‌కి ఆ టేప్ చుట్టుకోకుండా, చెప్పులతోనే వెళ్లి కోచ్‌ని కలువు.