ఎక్స్‌ఎంఎల్ ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: ఎంటెక్ కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. రిలేషనల్ డేటాబేస్‌ను (టేబుళ్లలో దాచిన డేటా) ఎక్స్‌ఎంఎల్ వ్యూల ద్వారా (అదే డేటాని ట్యాగులతో చూపించే రూపం) క్వెరీ చేయడం (సమాచారం అడగడం), అప్‌డేట్ చేయడం మీద ప్రాజెక్టు చేయమని మా గైడ్ అన్నారు. ఎక్స్‌ఎంఎల్ పాతబడిపోయింది, ఏఐ ప్రాజెక్టుకి మారిపొమ్మని ఫ్రెండ్స్ అంటున్నారు. ప్లేస్‌మెంట్స్ తలచుకుంటే టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: మారకండమ్మా. కొత్త వెబ్ అప్లికేషన్లలో డేటా పంపడానికి జేసన్ అనే ఇంకో ఫార్మాట్ వాడకమే ఎక్కువ, నిజమే. కానీ యూపీఐలో బ్యాంకులకీ, దాన్ని నడిపే సంస్థ ఎన్‌పీసీఐకీ మధ్య నడిచే మెసేజ్‌లు ఎక్స్‌ఎంఎల్‌లోనే ఉంటాయి. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలూ అంతే. బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లోకి వెళ్తే ఇది రోజూ ఎదురయ్యేదే.

అయినా మీ టాపిక్ విలువ ఫార్మాట్‌లో లేదు, అప్‌డేట్‌లో ఉంది. క్వెరీ వైపు దారి చాలావరకు తెలిసిందే. అప్‌డేట్ దగ్గరే చిక్కంతా. ఒక మందుల షాపు డేటాబేస్ అనుకోండి. కస్టమర్లకి ఒక టేబుల్, బిల్లులకి ఒక టేబుల్. మీ వ్యూలో ప్రతి బిల్లు ఎలిమెంట్ లోపల కస్టమర్ ఫోన్ నంబర్ కనిపిస్తుంది. ఒకరికే మూడు బిల్లులుంటే నంబర్ మూడు చోట్ల కనిపిస్తుంది, టేబుల్లో ఉండేది మాత్రం ఒక్క రో(వరుస)లోనే. ఒక బిల్లులో నంబర్ మారిస్తే మిగతా రెండింటిలోనూ మారిపోతుంది. మార్చిన మనిషి అదే కోరుకున్నాడా? బిల్లు తీసేస్తే కస్టమర్ రో కూడా పోవాలా? ఈ చిక్కు ఎక్స్‌ఎంఎల్ కంటే పాతది. ఎక్స్‌ఎంఎల్ 1998లో వచ్చింది. వ్యూ అప్‌డేట్ మీద పరిశోధన 1970ల నుంచే ఉంది. ఒరాకిల్ డేటాబేస్ 23ఏఐ వెర్షన్‌లో వచ్చిన జేసన్ డ్యుయాలిటీ వ్యూల్లోనూ (టేబుళ్ల డేటాని జేసన్‌గా చూపించే వ్యూలు) ఏ టేబుల్‌ని మార్చనివ్వాలో, ఏది మార్చనివ్వకూడదో డెవలపరే చెప్పాలి. ఇంత లోతైన సమస్య చేతికొస్తే ఎందుకు వదులుకోవడం?

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో చేయండి, ఉచితం. ఎక్స్‌ఎంఎల్‌ఎలిమెంట్, ఎక్స్‌ఎంఎల్‌ఏజీజీ ఫంక్షన్లతో వ్యూ కట్టండి. అలాంటి వ్యూని పోస్ట్‌గ్రెస్ తనంతట తాను అప్‌డేట్ చేయదు. ఇన్‌స్టెడ్ ఆఫ్ ట్రిగ్గర్ (వ్యూలో మార్పు చేయబోతే దాని బదులు నడిచే కోడ్) మీరే రాయాలి. ఆ ట్రిగ్గర్ ఏ మార్పుని ఒప్పుకుంటుంది, దేన్ని తిప్పికొడుతుంది, ఎందుకు అన్నదే మీ థీసిస్‌కి గుండెకాయ. ఇంటర్వ్యూలో టేబుళ్ల ప్రైమరీ, ఫారిన్ కీలు, జాయిన్లు, ట్రాన్సాక్షన్ల గురించి ఏం అడిగినా ఇందులోంచే ఉదాహరణ చూపించగలుగుతారు.

ఏఐ మీద ఆసక్తి ఉంటే పక్కన ఒక కోర్సు చేసుకోండి, దానికోసం ప్రాజెక్టు వదలక్కర్లేదు. ఇదే పనిని జేసన్‌తోనూ చేసి పోల్చే భాగం ఒకటి పెట్టుకోండి, రెజ్యూమెలో బాగా పనికొస్తుంది. సినాప్సిస్ ఇవ్వకముందే గైడ్‌తో మాట్లాడి ఆ భాగాన్ని అందులో చేర్పించుకోండి.