గేమ్ డెవలపర్ల కాన్ఫరెన్స్‌కి పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. గేమ్ డెవలపర్ కావాలన్నది తన పట్టుదల. రెండేళ్లుగా యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒకటి చేస్తూనే ఉంది కానీ ఇంతవరకూ ఏదీ పూర్తి చేయలేదు. ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగే గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ (జీడీసీ)కి వెళ్తానంటోంది. పెద్ద స్టూడియోలన్నీ అక్కడికి వస్తాయట, ఉద్యోగాలు అక్కడే దొరుకుతాయట. పాస్, విమానం, హోటల్ కలిపితే తన పైచదువుకని దాచిన డబ్బులో పెద్ద భాగం అయిపోతుంది. వద్దంటే తన అవకాశాన్ని నేనే పాడుచేసినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పంపమంటారా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈసారికి వద్దు. అమ్మాయి చేతిలో పూర్తయిన చిన్న గేమ్ ఒక్కటి ఉన్న రోజున మాత్రం తప్పకుండా పంపండి. ఈ కాన్ఫరెన్స్ ఏటా జరిగేదే, కాబట్టి ఇప్పుడు ఆగినంత మాత్రాన అవకాశం పోదు. చూపించడానికి ఏమీ లేకుండా వెళ్లి, వారం రోజులు హాళ్లన్నీ తిరిగి, అలసిపోయి వచ్చి, ఆ తర్వాత ఈ రంగం మీదే నిరుత్సాహపడిన పిల్లల్ని చూశాను. మీ అమ్మాయికి అలా జరగకూడదనే ఇంత సూటిగా చెబుతున్నాను.

అసలు అక్కడ ఏం జరుగుతుందో మీకు తెలిస్తే నేనెందుకు ఆగమంటున్నానో అర్థమవుతుంది. చాలామంది తల్లిదండ్రులు దీన్ని జర్మనీలోని కొలోన్‌లో జరిగే గేమ్స్‌కామ్ లాంటి ప్రదర్శన అనుకుంటారు. గేమ్స్‌కామ్‌కి ఆడేవాళ్లు లక్షల్లో వస్తారు, కొత్త గేములు ఆడి చూస్తారు. శాన్ ఫ్రాన్సిస్కో కాన్ఫరెన్స్ మాత్రం గేములు తయారుచేసేవాళ్ల కోసం పెట్టింది. 1988లో గేమ్ డిజైనర్ క్రిస్ క్రాఫర్డ్ శాన్ హోసేలోని తన ఇంటి హాల్లో సుమారు 27 మందిని కూర్చోబెట్టుకుని మాట్లాడుకోవడంతో మొదలైంది. తమ పనిలో వచ్చే చిక్కుల గురించి అదే పని చేసే మరొకరితో మాట్లాడాలన్నదే అప్పుడు వాళ్లకున్న అవసరం. అదే సమావేశం పెరిగి పెరిగి, శాన్ ఫ్రాన్సిస్కోలోని మాస్కోనీ సెంటర్‌లో 2024లో 30 వేల మంది దాకా హాజరయ్యేంత అయింది. ఇంత పెద్దదైనా, అక్కడ నిజంగా విలువైనది ఇప్పటికీ ఆ ఇంటి హాల్లో జరిగిందే: పని చేసినవాళ్లు పని గురించి మాట్లాడుకోవడం. అందులో పాలుపంచుకోవాలంటే మనకీ కొంత పని చేసిన అనుభవం ఉండాలి.

అక్కడి ప్రసంగాలు వినడానికే అయితే అంత దూరం వెళ్లనక్కర్లేదు. వాటిలో చాలా మంచివి కాన్ఫరెన్స్ వాళ్ల యూట్యూబ్ చానల్లో, జీడీసీ వాల్ట్ అనే వాళ్ల సైట్లో ఉచితంగా ఉన్నాయి. 2017లో నింటెండో బృందం బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ గేమ్ ఎలా తయారైందో చెప్పింది. అంత పెద్ద త్రీడీ ప్రపంచం కట్టేముందు, అందులోని ఆలోచనలు పనిచేస్తాయో లేదో చూసుకోవడానికి వాళ్లు పాతకాలపు టూడీ గేమ్‌లా ఒక చిన్న నమూనా చేసుకున్నారు. అన్నీ మొదలుపెట్టి ఏదీ పూర్తి చేయని మీ అమ్మాయి ఈ ప్రసంగం తప్పకుండా చూడాలి.

ఇంకొకటి కూడా చూడమనండి. 2016లో కైల్ పిట్‌మన్ అనే ప్రోగ్రామర్ గేములోని పాత్ర ఎగిరే గెంతు గురించి మాట్లాడారు. కొత్తవాళ్లు గురుత్వాకర్షణకి ఏదో ఒక అంకె వేసి, బాగోలేదని మార్చి, మళ్లీ మార్చి గంటలు గడుపుతారు. ఆయన దాన్ని తిరగేశారు. గెంతు ఎంత ఎత్తుకి వెళ్లాలి, ఆ ఎత్తుకి చేరడానికి ఎంత సేపు పట్టాలి అన్నవి ముందు మనం నిర్ణయించుకోవాలి. ఎత్తుకి రెట్టింపుని ఆ సమయంతో భాగిస్తే మొదటి వేగం వస్తుంది, ఆ సమయపు వర్గంతో భాగిస్తే గురుత్వాకర్షణ వస్తుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సే ఇది. మీ అమ్మాయి దీన్ని ఒక సాయంత్రం కూర్చుని చేయగలదు. చూసి వదిలేస్తుందా, చేసి చూపిస్తుందా అన్నది గమనించండి. ఎన్ని సమావేశాలకి వెళ్లినా ఉపయోగం ఉంటుందో ఉండదో మీకు అక్కడే తెలిసిపోతుంది.

ఉద్యోగాల సంగతి. స్టూడియోల స్టాళ్లు ఉంటాయి, రిక్రూటర్లు వస్తారు, అది నిజం. కానీ విద్యార్థికి వాళ్ల దగ్గర ఎక్కువసార్లు వినిపించే మాట 'మా వెబ్‌సైట్‌లో అప్లై చేయండి' అన్నదే. ఎక్స్‌పో హాల్లో ఎక్కువ స్టాళ్లు గేమ్ ఇంజిన్లు (యూనిటీ లాంటి సాఫ్ట్‌వేర్), టూల్స్, సర్వర్లు స్టూడియోలకి అమ్ముకునే కంపెనీలవి. పైగా ఇప్పుడు కాలం బాగోలేదు. 2023 నుంచి స్టూడియోలు వేల మందిని తీసేశాయి. కాన్ఫరెన్స్ నిర్వాహకులు ఏటా చేసే సర్వేలోనే, 2025లో జవాబిచ్చినవాళ్లలో 11 శాతం మంది గడిచిన ఏడాదిలో తమ ఉద్యోగం పోయిందన్నారు. అంటే రిక్రూటర్ ముందున్న వరుసలో మీ అమ్మాయి పక్కన నిలబడేది ఎనిమిదేళ్లు పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి కావచ్చు. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు. ఉద్యోగం అక్కడే ఇస్తారన్న ఆశతో దాచిన డబ్బు ఖర్చుపెట్టవద్దనే నా మాట.

మరి ఎందుకు వెళ్లాలి? నా దగ్గర సలహా తీసుకున్న ఇద్దరి గురించి చెబుతాను.

ఒకమ్మాయి ఇలాంటి సమావేశానికే ఖాళీ చేతులతో వెళ్లింది. చురుకైన పిల్ల, మాటకారి. నాలుగు రోజుల్లో నలభై విజిటింగ్ కార్డులు సేకరించింది. తిరిగొచ్చాక నలభై మందికీ ఒకే మెయిల్ పంపింది. ఇద్దరు జవాబిచ్చారు, అదీ మర్యాదకి. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మాట్లాడినవాళ్లకి తనని గుర్తుపెట్టుకోవడానికి ఒక ఆధారం కావాలి, అది తన దగ్గర లేదు.

రెండో అతను బిడియస్తుడు. లాప్‌టాప్‌లో మూడు గదుల పజిల్ గేమ్ ఒకటి పట్టుకెళ్లాడు. మొత్తం ఆడితే ఆరు నిమిషాలు. కాఫీ కోసం నిలబడ్డ వరుసలో పక్కనున్నాయన ఏం చేస్తుంటావని అడిగితే, మాటలు రాక లాప్‌టాప్ తెరిచి చేతికిచ్చాడు. ఆయన చాలా ఏళ్లుగా లెవెల్ డిజైనర్, అంటే గేములోని గదులూ దారులూ రూపొందించే మనిషి. మొదటి గదిలోనే ఇరుక్కుపోయారు. తలుపు తెరవాలంటే అక్కడున్న పెట్టెని జరపాలి. ఆయన దాన్ని పట్టించుకోకుండా గోడలన్నీ తడుముతున్నారు. 'ఆ పెట్టె, ఆ పెట్టె' అని నాలిక చివరిదాకా వచ్చిందట, కానీ పెదవి కొరుక్కుని ఊరుకున్నాడు. రెండు నిమిషాల తర్వాత ఆయన తల ఎత్తి, 'జరపాల్సిన పెట్టెకి గోడ రంగే ఎందుకు వేశావు?' అని అడిగారు. నెలల తరబడి ఆ గేమ్ తనే ఆడుకున్న ఈ అబ్బాయికి ఆ సంగతి ఒక్కసారీ తట్టలేదు. ఆ రాత్రే రంగు మార్చాడు. మర్నాడు ఆయన్ని వెతికి పట్టుకుని మళ్లీ ఆడించాడు. ఈసారి నలభై సెకన్లలో తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత పది నిమిషాలు ఆయన వెలుతురుతో, రంగుతో, వస్తువుని పెట్టే చోటుతో ఆడేవాడి చూపుని ఎలా నడిపించాలో చెప్పారు.

ఆయన స్టూడియోలో ఈ అబ్బాయికి ఉద్యోగం రాలేదు. ఏడాది తర్వాత వేరే చోట ఇంటర్వ్యూలో ఆ పెట్టె సంగతే పావుగంట మాట్లాడాడు, అక్కడ వచ్చింది.

ఆ లెవెల్ డిజైనర్‌తో గడిచినలాంటి పది నిమిషాల కోసమే వెళ్లాలి. అది యూట్యూబ్‌లో దొరకదు. రౌండ్ టేబుల్ చర్చలు కూడా అంతే, వాటిని రికార్డు చేయరు. ఒకే పని చేసేవాళ్లు ఒక గదిలో కూర్చుని తమ చిక్కులు చెప్పుకుంటారు. పోర్ట్‌ఫోలియో, అంటే తను చేసిన పనులు, చూసి సలహా ఇచ్చే కార్యక్రమం ఉంటే ముందే పేరు నమోదు చేసుకోవాలి. ప్రోగ్రామర్ అయితే తన కోడ్ తెరిచి, ఏ భాగం ఎందుకలా రాసిందో చెప్పగలగాలి. నలుగురు కలిసి చేసిన గేమ్ అయితే అందులో తన వంతు ఏమిటో స్పష్టంగా చెప్పాలి. బాగున్నవి రెండుంటే ఆ రెండే చూపించాలి, వాటి పక్కన బాగోలేనివి మూడు పెడితే చూసేవాళ్లకి ఆ మూడే గుర్తుంటాయి.

కాబట్టి ఈ ఏడాది చేయాల్సిన పని గేమ్ పూర్తి చేయడం. దానికి గేమ్ జామ్ కన్నా మంచి దారి నాకు తెలియదు. గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచి ఏటా జనవరి చివర్లో ప్రపంచమంతా జరుగుతోంది. లుడమ్ డేర్ అనే మరో జామ్ 2002లో మొదలైంది, ఇంట్లో కూర్చునే పాల్గొనవచ్చు. రెండు మూడు రోజుల్లో ఇచ్చిన అంశం మీద గేమ్ చేసి అందరి ముందూ పెట్టాలి. గడువు వచ్చేసరికి సగం ఆలోచనలు వదిలేసుకోక తప్పదు. మీ అమ్మాయికి ఇంకా రానిది సరిగ్గా ఆ వదిలేసుకోవడమే. రెండు జామ్‌లలో పాల్గొన్నాక, వాటిలో బాగా వచ్చినదాన్ని మూడు నాలుగు నెలలు మెరుగుపెట్టి, ఇచ్ డాట్ ఐఓ సైట్లో ఉచితంగా పెట్టమనండి. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆడి రాసే వ్యాఖ్యలు చదవడం కష్టంగానే ఉంటుంది. ఆ కష్టం కాన్ఫరెన్స్‌లో మొదటిసారి పడటం కన్నా ఇంట్లో పడటం నయం. ఆ గేమ్ బాగా వస్తే ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌కి కూడా పంపవచ్చు. ఈ కాన్ఫరెన్స్‌తో పాటే జరిగే ఆ పోటీలో విద్యార్థుల గేములకి విడిగా బహుమతి ఇస్తూ వచ్చారు.

ఖర్చు విషయానికొస్తే, పాస్‌లన్నీ ఒకే ధర కాదు, ముందుగా కొంటే తగ్గుతుంది, విద్యార్థులకి రాయితీ ఉందేమో నిర్వాహకుల సైట్లో చూడాలి. వాలంటీర్లుగా పనిచేసేవాళ్లకి ప్రవేశం ఉచితంగా ఇచ్చే పద్ధతి చాలా సమావేశాల్లో ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో కాన్ఫరెన్స్‌లో వీళ్లని కాన్ఫరెన్స్ అసోసియేట్స్ అనేవారు, ఇప్పుడు ఆ పద్ధతి ఉందో లేదో చూసుకోవాలి. రోజులో కొన్ని గంటలు తలుపుల దగ్గర, గదుల్లో పని ఉంటుంది. బిడియం ఉన్న పిల్లలకి ఇది ఇంకా మేలు, పని చేస్తూ చేస్తూ నలుగురితో మాటలు వాటంతటవే కలుస్తాయి. వేరే దేశం వెళ్లాల్సి వస్తే వీసాకి నెలలు పట్టవచ్చు కాబట్టి తేదీలు ముందే చూసుకోవాలి. ఇదొక్కటే సమావేశం అని కూడా అనుకోవద్దు. బ్రైటన్‌లో డెవలప్, మాల్మోలో నార్డిక్ గేమ్ లాంటివి దీనికన్నా చిన్నవి. చిన్నచోట ఒక మనిషిని రెండోసారి కలుసుకోవడం తేలిక. ఉన్న ఊళ్లోనే, ప్రయాణం, హోటల్ ఖర్చు లేకుండా, ఇలాంటిది ఏదైనా జరిగితే మాత్రం నేను పైన చెప్పిన షరతేమీ వద్దు, ఒక్క రోజుకైనా వెళ్లి రమ్మనండి.

మీరు రాయలేదు కానీ, ఆడపిల్లని ఒంటరిగా పంపడం గురించి కూడా మీకు దిగులు ఉండే ఉంటుంది. పగటి కార్యక్రమాలకి ప్రవర్తనా నియమావళి ఉంటుంది, ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలో అందులో రాసి ఉంటుంది, అది ముందే చదువుకోవాలి. రాత్రిళ్లు పార్టీలు చాలా జరుగుతాయి, మద్యం ఉంటుంది. పరిచయాలన్నీ అక్కడే అవుతాయని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. వెళ్లకపోతే నష్టమేమీ లేదు, వెళ్తే తెలిసినవాళ్లతో కలిసి వెళ్లి కలిసే రావాలి. ఉద్యోగం మాట ఎత్తి హోటల్ గదికి రమ్మనేవాళ్లతో అక్కడితో మాట ఆపేయమనండి.

ఇక ఈ వారం మీరు చేయగలిగిన పని ఒకటుంది. తన సగం గేముల్లో ఏదో ఒకటి తెచ్చి మీకు ఇమ్మనండి, మీరు ఆడండి. గేములు మీకు అలవాటు లేకపోవడమే ఇక్కడ మీ అర్హత. పది నిమిషాలు తను మీ పక్కనే కూర్చోవాలి, నోరు మాత్రం మెదపకూడదు, మీరు ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ విసుక్కున్నారో కాగితం మీద రాసుకోవాలి. మొదటిసారి తన వల్ల కాదు, 'అమ్మా, అది కాదు, ఇది నొక్కు' అంటుంది. వారం తర్వాత మళ్లీ కూర్చోండి. తను మాట్లాడకుండా ఉండగలిగి, ఆ కాగితంలో రాసుకున్నవి సరిచేసి మళ్లీ మీ ముందు పెట్టిన రోజున, వచ్చే ఏడాది పాస్‌లు ఎప్పుడు అమ్ముతారో ఇద్దరూ కలిసి చూడండి.