విశాఖ వన్‌టౌన్‌లో పాత ఇళ్ల ప్రత్యేకత ఏమిటి? అలాంటి ఇల్లు కొని బాగుచేయించుకోవచ్చా?

మా అమ్మమ్మగారిల్లు బురుజుపేటలో, కనకమహాలక్ష్మి గుడికి రెండు సందుల అవతల. ఆ ఇంటిని సగం పాడుచేసింది మేమే కాబట్టి, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత కొంచెం ఉందనుకుంటున్నాను.

ఇంగ్లీషువాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది 1682లో. కోట ఆనవాళ్లు పోయినా కోటవీధి, బురుజుపేట, సోల్జర్‌పేట అన్న పేర్లు మిగిలాయి. 1933లో పోర్టు తెరిచేదాకా ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు పడవల మీద ఒడ్డుకొచ్చేది. వ్యాపారమంతా ఈ సందుల్లోనే. రంగం (రంగూన్) టేకు ఇంత ధారాళంగా ఇక్కడి దూలాల్లో, స్తంభాల్లో కనిపించడానికి కారణం ఆ సముద్రపు రాకపోకలే.

అమ్మమ్మ ఇంట్లో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తలుపులన్నీ ఒకే వరసలో ఉండేవి. అరుగు, చావడి, మండువా, వంటిల్లు దాటి నుయ్యి. పదకొండు దాటాక "గాలి మళ్లింది, తలుపు తియ్యండర్రా" అని కేకేసేది. అప్పటిదాకా ఉక్కపోతతో చచ్చినవాళ్లం, మండువాలో చాపేసుకుని నిద్రపోయేవాళ్లం. కిటికీలకు పైన రెండు, కింద రెండు రెక్కలు. కిందివి మూసి పైవి తెరిస్తే గాలి వస్తుంది, వీధిలో వాళ్లకి లోపలి మనుషులు కనిపించరు. ఏసీ ఉన్న మా ఫ్లాట్‌లో ఈ తెలివి లేదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డాక జనం ఊరొదిలి పోయారు. అప్పుడు ఆ ఇంటికి వేసిన తాళం, అరచేయంత ఉంటుంది, ఇప్పటికీ మా పిన్ని దగ్గరుంది.

ఇక పైకప్పు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలబెట్టి ఐమూలగా పేర్చి, పైన ఇటుకముక్కలు కలిపిన సున్నం పోసి, కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్కలతో కొట్టేవారు. మద్రాసు టెర్రస్ అంటారు. ఇనుము ఉండదు, కాబట్టి ఉప్పుగాలికి తుప్పు పట్టేదేమీ లేదు. మా మామయ్య 1996లో దాని మీద కాంక్రీటు గది వేయించాడు. పదిహేనేళ్లకే శ్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. కింద వందేళ్ల కప్పు మాత్రం చెక్కుచెదరలేదు.

అంతటితో ఆగామా? సున్నం గోడలు రాలుతున్నాయని సిమెంటు పూయించాం. రెండు వానాకాలాలకే గోడ ఉబ్బింది. చూడ్డానికొచ్చిన ముసలి మేస్త్రీ గోడ తట్టి, "లోపలి తడి పోడానికి దారేది బాబూ? సిమెంటు పూసీసి మూసీసినారు" అన్నాడు. అంతా గీకించి మళ్లీ సున్నం పెట్టించడానికి మొదటి ఖర్చుకి మూడింతలైంది.

కొనొచ్చు. కానీ ముందు దూలాల చివరలు, గోడలోకి దిగిన చోట, మేకుతో గుచ్చి చూడండి. చెద మొదలయ్యేది అక్కడే. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికాకే బేరం ఖాయం చేసుకోండి. వారసుల సంతకాలు అంతకన్నా పెద్ద తలనొప్పి: మా ఇంటికే పదకొండుమంది!

ఊరికే చూడాలంటే పొద్దున్నే రాణిబొమ్మ (విక్టోరియా రాణి విగ్రహం) దగ్గర బండి ఆపేసి కోటవీధి వైపు నడవండి. మార్గశిర మాసం లక్ష్మివారాలు మాత్రం వద్దు, గుడి జనంతో సందుల్లో అడుగు పడదు.

మామయ్య గదిని నిరుడు కొట్టించేశాం. రాత్రిపూట మేడ మీద పడుకుంటే డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు తిరగడం మళ్లీ కనిపిస్తోంది.