చెక్‌రైడ్ ఎగ్జామినర్‌ని "మీకు ఆథరైజేషన్ ఉందా" అని అడగొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మా తమ్ముడు అమెరికాలో ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాడు, త్వరలో ప్రైవేట్ పైలట్ చెక్‌రైడ్, అంటే లైసెన్స్ కోసం పెట్టే ఆఖరి ప్రాక్టికల్ టెస్ట్, ఉంది. స్కూల్ వాళ్లే ఒక ఎగ్జామినర్‌ని మాట్లాడి పెట్టి ఫీజు ముందే పంపమంటున్నారు. ఆయనకి నిజంగా పవర్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? అడిగితే మనసులో పెట్టుకుని ఫెయిల్ చేస్తాడేమో అని వీడి భయం.

జవాబు: అడగొచ్చమ్మా, నిక్షేపంగా అడగొచ్చు. అక్కడ చాలామంది ఎగ్జామినర్లు ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఉద్యోగులు కారు, ఎఫ్‌ఏఏ తన అధికారంలో కొంత అప్పగించిన ప్రైవేట్ మనుషులు, వీళ్లనే డీపీఈ (డిజిగ్నేటెడ్ పైలట్ ఎగ్జామినర్) అంటారు. ఆ అప్పగింత ఫెడరల్ రూల్స్‌లో పార్ట్ 183 కింద జరుగుతుంది, టెస్ట్‌లో ఆయన ఎఫ్‌ఏఏ ప్రతినిధి అని అదే రూల్స్‌లోని 61.47 చెప్తుంది. అంటే ఆయన సంతకానికి ఉన్న విలువంతా ఆ అధికారం అప్పగించిన కాగితం వల్లే, అది ఎక్స్‌పైర్ అయితే ఎంత సీనియర్ పైలట్ అయినా ఆ సంతకం దేనికీ పనికిరాదు.

ముందు ఎఫ్‌ఏఏ సైట్‌లో డిజిగ్నీ లొకేటర్ అని, ఇలా అధికారం అప్పగించిన వాళ్లని వెతికే పేజీ ఉంటుంది, అందులో పేరు వెతకమనండి. పేరు కనబడగానే సరిపోయింది అనుకోవద్దు, అసలు జనం పొరపాటు పడేది ఇక్కడే, ఎందుకంటే ఎగ్జామినర్ అంటే అన్ని టెస్టులూ పెట్టేవాడు అని కాదు, ఏ సర్టిఫికెట్‌కి, ఏ రకం విమానం మీద పెట్టొచ్చో ఆయన లెటర్ ఆఫ్ అథారిటీలో విడిగా రాసి ఉంటుంది, మీవాడు ఎగరబోయే విమానం కేటగిరీ, క్లాస్ (అంటే విమానమా హెలికాప్టరా, ఒక ఇంజినా ఎక్కువా లాంటివి) అందులో ఉండాలి. ఆ లెటర్ కాపీ ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు, రాతపూర్వకంగా ఉంటే రేపు అక్కరకొస్తుంది. ఇంకా అనుమానం ఉంటే ఆ ఏరియాలో ఎఫ్‌ఏఏ లోకల్ ఆఫీసుకి (ఎఫ్‌ఎస్‌డీఓ అంటారు) ఫోన్ చేస్తే చెప్తారు. ఇదంతా అయ్యాకే డబ్బులు పంపండి, స్కూల్ వాళ్లు తొందరపెట్టినా సరే.

ఫెయిల్ చేస్తాడేమో అన్నారు, ఆయన కూడా టెస్ట్‌కి ముందు మీవాడి ఐడీ, లాగ్‌బుక్, ఎండార్స్‌మెంట్లు (టెస్ట్‌కి సిద్ధమని ఇన్‌స్ట్రక్టర్ రాసి పెట్టిన సంతకాలు) అన్నీ చూస్తాడు కదా, మర్యాదగా అడిగితే ఇందులో తప్పుపట్టడానికేముంది. ఒకవేళ ఫెయిల్ చేసినా ఏ అంశంలో తప్పాడో డిసప్రూవల్ నోటీసు మీద రాసివ్వాలి.

పాసయ్యాక చేతికి టెంపరరీ సర్టిఫికెట్ ఇస్తారు, 120 రోజులు చెల్లుతుంది. దాని అడుగున సంతకం పక్కన ఎగ్జామినర్ డిజిగ్నేషన్ (ఎఫ్‌ఏఏ ఇచ్చిన అధికారం) నంబర్, ఆ డిజిగ్నేషన్ ఎప్పటిదాకా ఉందో డేట్ కూడా ఉంటాయి, లెటర్‌లో ఉన్నవాటితో సరిచూసి ఫోటో తీసి పెట్టుకోమనండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, తర్వాత ఎప్పుడైనా ఆ ఎగ్జామినర్ టెస్టులు సరిగ్గా పెట్టలేదని బయటపడితే ఎఫ్‌ఏఏ ఫెడరల్ చట్టంలోని 44709 సెక్షన్ కింద పాసైన వాళ్లని మళ్లీ టెస్ట్‌కి రమ్మనొచ్చు, తప్పు మీవాడిది కాకపోయినా సరే. అలాంటి లెటర్ వస్తే పక్కన పడేయొద్దు, వెళ్లకపోతే సర్టిఫికెట్ సస్పెండ్ చేస్తారు, ఆ ఆర్డర్ మీద ఎన్‌టీఎస్‌బీకి (అమెరికా రవాణా భద్రతా బోర్డు) అప్పీల్ వేసుకోవచ్చు గానీ టైమ్ మామూలుగా 20 రోజులే, ఎమర్జెన్సీ ఆర్డర్ అయితే 10 రోజులే, కాబట్టి లెటర్ అందిన రోజే అక్కడి ఏవియేషన్ లాయర్‌ని కలవమనండి.